ఖాళీ బండి తూకం

గట్టమ్మ మిల్లు చీటీని తెచ్చి పోశాలు ముఖం ముందు పెట్టింది.

"పది క్వింటాళ్ల పది కిలోలట. ఇంటికాడ తూస్తే పదకొండు ఎనభై ఉండె. కొడకండ్ల నుంచి జనగామ వచ్చేసరికి నూట డెబ్బై కిలోల పత్తి గాలికి కొట్టుకపోయిందా తమ్మీ? నడుమ ఎక్కడన్న దించినవా?"

పోశాలుకు ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్లుగా స్టీరింగు పట్టిన మనిషి, ఇంతవరకు ఎవరిచేతా దొంగ అనిపించుకోలేదు.

"నా పక్కన్నే కూసున్నవు గదక్కా."

"కూసున్న. నడుమ జర కన్నంటుకున్నది."

చీటీ లాక్కుని చూశాడు. నిండు బండి 2790. ఖాళీ బండి 1780. రెండో అంకె దగ్గర చూపు ఆగిపోయింది. అది పికప్‌కు ఇనుప బాడీ ఉన్నప్పటి బరువు. దసరాకు ముందే ఇనుము పీకించి అల్యూమినియం బాడీ కట్టించాడు. బండి తేలికైతే ఆ మేరకు సరుకు ఎక్కువ పడుతుందని ఊరంతా చెప్పుకున్నాడు కూడా. లైను పెద్దగా ఉంటే మిల్లువాళ్ళు దించిన బండిని మళ్ళీ తూచరు. నంబరు కొడతారు, పోయినేటి బరువు కంప్యూటరులో వస్తుంది, అదే తీసేస్తారు.

పోశాలు కాంటా గదికి వెళ్ళాడు. గుమాస్తా జయపాల్ ఫోను చూసుకుంటున్నాడు.

"ఖాళీ బండి తూచు."

"పోయినేడు తూచినం గదన్నా."

"పోయినేడు ఇనుము. ఇప్పుడు అల్యూమినియం."

"అంగి మారిస్తే మనిషి మారుతడా? పో అన్నా, లైన్ల ఇరవై బండ్లున్నయి."

పోశాలు బండెక్కి, లైనుకు అడ్డం వచ్చి కాంటా మీద నిలబెట్టాడు. ఇంజను ఆపి, తాళం జేబులో వేసుకుని దిగాడు. వెనుక హారన్లు మొదలయ్యాయి.

"ఓ పెద్దమనిషీ, గది కాంటనా, మీ ఇంటి వాకిలా?" అన్నాడు లైనులో ముందున్న ట్రాక్టరు డ్రైవరు.

గట్టమ్మ బోర్డు కనబడక కాంటా మీదికి ఎక్కబోయింది.

"దిగక్కా. నీ బరువు గూడ పత్తిల కోస్తరు."

ఎర్ర అంకెలు కాసేపు ఊగి నిలిచాయి. 1610.

గట్టమ్మ వేళ్ళు మడుస్తూ లెక్క చూసుకుంది. "నూట డెబ్బై," అంది.

"సరేనన్నా, చీటీ మార్చి ఇస్త. బండి తీయ్," అన్నాడు జయపాల్.

అక్కడితో పోశాలు కోపం దిగాల్సింది, ఇంకా ఎక్కింది. కొత్త బాడీ కట్టించాక ఇది నాలుగో ట్రిప్పు. మొదటి మూడూ ఈ కాంటాకే తెచ్చాడు. అందులో ఒక ట్రిప్పు పత్తి చిలుకమ్మది. తూకం తగ్గిందేందని ఆమె అడిగితే, "పత్తి ఎండింది, తరుగు పోతది" అని నచ్చజెప్పింది తనే. ఆమె మిల్లును నమ్మి ఊరుకోలేదు, పోశాలు మాట మీద ఊరుకుంది.

"మొన్నటి మూడు చీటీలు గూడ తీయ్."

"అయి అయిపోయిన లెక్కలన్నా. సేటు ఒప్పుకోడు."

"సేటును పిలువు."

"పగటాల్ల దాక రాడు."

పోశాలు బీడీ తీశాడు, చుట్టూ పత్తి కుప్పలు చూసి మళ్ళీ చెవి మీద పెట్టుకున్నాడు. కాంటా ముందు నేల మీద కూలబడ్డాడు. గట్టమ్మ కూడా వచ్చి పక్కన కూర్చుంది.

"రానియ్," అన్నాడు. "గందాక గా అంకె గట్లనే ఉండనియ్. లైన్లున్నోళ్ళు గూడ సూస్తరు."