పాట ఆగిన కొట్టం

“నోరు తెరు,” అన్నాడు మేస్త్రి ఎల్లప్ప.

కుప్పమ్మ తెరవలేదు. అరవై దాటిన మనిషి, ఒడి నిండా వేరుశనగ పొట్టు. ఎల్లప్ప ఆమె గడ్డం పట్టుకుని, సంతలో ఎద్దు పళ్ళు చూసినట్టు బొటనవేలు దూర్చి దవడ విప్పాడు. చూడటానికి అక్కడ పళ్ళు లేవు. కుడి బుగ్గలో రెండు గింజలున్నాయి, నానిపోయి తెల్లగా. వాటిని వేలితో గీకి తీసి, కొట్టం చివర కుర్చీలో కూర్చున్న షావుకారు గోవిందస్వామికి చూపించాడు.

“దొంగముండ,” అన్నాడు షావుకారు, పెద్దగా కోపం కూడా లేకుండా. “రేపట్నుంచి దీన్ని గేటు లోపలికి రానీయొద్దు.”

“నాకు పళ్ళే లేవు గదా సామీ, నేనేం తింటాను,” అంది కుప్పమ్మ. “మనవరాలికి. నానితే పసిదానికి మెత్తగా ఉంటాదని పెట్టుకుంటి.”

ఇదంతా జరుగుతున్నంతసేపూ ఆ కొట్టంలో పాట ఆగలేదు. ఇప్పటికీ నా చెవులను వదలనిది అదే.

హాస్టలు గదిలో ఇది చదువుతున్న తమ్ముడికీ, మగ్గం దగ్గర ఎవరో చదువుతుంటే వింటున్న అన్నకూ ముందు ఆ పాట సంగతి చెప్పాలి. డెబ్బై తొమ్మిదో సంవత్సరం, పుత్తూరు. తొలకరికి ముందు రోజులు. విత్తనాల కాయలను మిషన్లో ఆడిస్తే గింజ బద్దలవుతుంది, బద్దలైన గింజ మొలవదు. అందుకని చేత్తో ఒలిపిస్తారు. గోవిందస్వామి కొట్టంలో నలభై మంది ఆడవాళ్ళు పొద్దున కూర్చుంటే సాయంత్రం దాకా ఒలవాలి, ఒలిచినంతసేపూ పాడాలి. పాడే నోరు తినలేదు. ఇది గోవిందస్వామి నాయన కనిపెట్టిన చట్టం. ఒకామె ముందుపాట ఎత్తుకుంటుంది, తక్కినవాళ్ళు అందుకుంటారు. ఎవరి పెదవులు ఆగినా ఎల్లప్ప వచ్చి నోట్లో వేలు పెడతాడు. రోడ్డున పోయే పెద్దమనుషులు ఆ పాట విని, పల్లె ఆడవాళ్ళు ఎంత సంతోషంగా పని చేసుకుంటున్నారో అని మురిసిపోయేవాళ్ళు. సిగ్గు విడిచి చెబుతున్నాను, నేనూ మురిసిపోయినవాణ్ణే.

నా పేరు నారాయణ. ఒకప్పుడు బడిపంతుల్ని, అప్పటికి తిరుపతిలో కూలీల సంఘం పనిలో ఉన్నాను. ఆ రోజు మా బావ విత్తనాలు కొంటుంటే తోడు వచ్చాను. సభల్లో మైకు దొరికితే వదలని మనిషిని, ఆ ముసలామె నోట్లో వాడు వేలు పెడుతుంటే గోనెసంచి అంచు పట్టుకుని ఊరికే నిలబడ్డాను.

ముందుపాట ఎత్తుకునే ఆమె మునిలక్ష్మి. ముప్పై ఏళ్ళుంటాయి. మొగుడు పోయాడు, బడికి వెళ్ళే కూతురు ఒకతి. కుప్పమ్మ పక్కనే కూర్చునేది. ఆ రోజు కూడా పక్కనే కూర్చుని, కళ్ళ నుంచి నీళ్ళు కారుతుండగా పాడుతూనే ఉంది.

*ఏరు దాటి పోయెనమ్మా ఎద్దులబండీ*

నలభై గొంతులు అందుకున్నాయి.

*ఎప్పుడొస్తాదో సెప్పవే ఏటి గట్టూ*

ఆ ఆదివారం కొట్టం ఆడవాళ్ళూ నేనూ కుప్పమ్మ ఇంటి ముందు కూడాం. మళ్ళీ నోట్లో వేలు పెడితే పని ఆపెయ్యాలని నిర్ణయమైంది. ఎవరు ముందు ఆపాలన్నది తేలలేదు. జ్ఞానాంబ అని, నోటి ముందు ఎవరూ నిలవలేని మనిషి ఒకామె ఉంది. ఆమే తేల్చింది.

“ఎవురి నోరు సూసి పాడతా ఉండాం మనం? మునిలక్ష్మి నోరు సూసే గదా. ఆమె ఆపితే అందరం ఆపుదాం. షావుకారుతో మాట్లాడేది గూడా ఆమే.”

“నాకు పాట వస్తాది గాని మాట రాదక్కా,” అంది మునిలక్ష్మి.

“మాట నేను నేర్పిస్తా,” అన్నాను. రెండు కాగితాల నిండా రాసుకొచ్చాను. శ్రామిక మహిళలు, దోపిడీ వర్గం, చరిత్ర గమనం, అన్నీ ఉన్నాయి. ఆమెకు చదువు రాదు. నేను చదివి వినిపిస్తే రెండు రోజుల్లో పొల్లు పోకుండా ఒప్పజెప్పింది, రాగంతో సహా. జ్ఞానాంబ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. నాకు చిన్నతనమనిపించింది గాని, ఎందుకు నవ్వుతోందో ఆలోచించలేదు.

బుధవారం పొద్దున కొట్టానికి ఎదురుగా ఉన్న టీ అంగట్లో కూర్చున్నాను. గోడ అవతల పాట వినపడుతోంది. పది గంటలప్పుడు ఎల్లప్ప కేక వినిపించింది. “రాఘవమ్మా, నోరు తెరు.” పాట ఒక్క ఊపిరంతసేపు తగ్గింది. నా చేతిలో గ్లాసు అలాగే ఉండిపోయింది. తర్వాత ముందుపాట మళ్ళీ లేచింది, మునుపటికంటే గట్టిగా. తక్కిన గొంతులు అలవాటుగా అందుకున్నాయి.

కాసేపటికి గేటు తెరుచుకుంది. జ్ఞానాంబను బయటికి నెట్టి, ఆమె సద్దిగిన్నెను వెనకనే విసిరేశారు. ఆమె ఒక్కతే లేచి నిలబడిందట. గిన్నె ఏరుకుని, మట్టి దులుపుకుని నా దగ్గరికొచ్చింది.

“నీ రెండు కాయితాలు బాగా పనిచేసినాయి గదన్నా,” అంది.

సాయంత్రం మునిలక్ష్మి ఇంటికి వెళ్ళాను. గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నన్ను చూసి లేవలేదు.

“ఆపాలనే అనుకుంటి అన్నా,” అంది. “నా లోపల ఒకతి ఉండాది. అది లేసింది. నువ్వెవురు ఆపేదానికి అనింది. నువ్వు ఆపితే ఎవురు ఆపుతారు, నవ్వులపాలయితావు అనింది. కుప్పమ్మవ్వ నోట్లో ఏలు పెట్టినప్పుడు పాడినావే, ఈ పొద్దు కొత్తగా పౌరుషం వచ్చిందా అనింది. అది సెప్పేది నిజమే గదా. నా నోరు దానంతట అదే పాడతా పోయింది.”

“అది షావుకారు గొంతమ్మా. జీతం లేకుండా నీ లోపల పెట్టుకున్న మేస్త్రి.” ఈ మాట నాకే బాగా నచ్చింది.

“కాదన్నా. నా గొంతే. ఎల్లప్ప గొంతయితే గుర్తుపట్టనా?”

సంఘంలో చదివిన పుస్తకాల్లో ఇలాంటి గొంతు సంగతి ఎక్కడా లేదు. ఇంక దాచుకుని ప్రయోజనం లేదనిపించి చెప్పేశాను.

“నాకూ ఒకడుండాడమ్మా. ఆ పొద్దు గోనెసంచి పట్టుకోని నిలబడితినే, అప్పట్నుంచి వాడు ఊరుకోవడంలే.”

ఆమె మొదటిసారి నా మొహంలోకి చూసింది. “నీకు గూడానా? అంత బాగా మాట్లాడతావే?”

“వాడి మాట వినపడకుండా ఉండాలనే అంత గట్టిగా మాట్లాడేది.”

ఆమె నవ్వలేదు గాని, లేచి నాకు మంచినీళ్ళు తెచ్చి ఇచ్చింది.

ఆ తర్వాతి రోజులు గుర్తు తెచ్చుకోవాలంటే ఇష్టముండదు. దొంగ అని పేరు పడిన కుప్పమ్మను ఊళ్ళో ఏ కొట్టమూ రానీయలేదు. జ్ఞానాంబదీ అదే గతి. నేను అధికారుల ఇళ్ళ చుట్టూ తిరిగాను. అర్జీ రాసి ఇమ్మన్నారు, ఇచ్చాను. నోట్లో వేలు పెట్టకూడదని ఏ చట్టంలో ఉందో చూపించమన్నాడు ఒకాయన. చూపించలేకపోయాను.

అమావాస్య నాడు షావుకారు కొట్టం తెరవడు. ఆ రోజు మళ్ళీ కుప్పమ్మ ఇంటి ముందే కూడాం. కూడటమేమిటి, కొట్లాట. జ్ఞానాంబ పని పోవడానికి మునిలక్ష్మే కారణమని ఒకరు, దాన్ని ముందు పెట్టడమే తప్పని ఒకరు. కుప్పమ్మ ఒళ్ళో మనవరాలు ఏడుస్తోంది. ఎవరో గొణిగారు, “అయినా అవ్వ గింజలు పెట్టుకునింది నిజమే గదా.”

కుప్పమ్మ మనవరాలిని భుజం మీదికి ఎత్తుకుంది.

“నిజమే,” అంది కుప్పమ్మ. “పెట్టుకుంటి. నలభై ఏండ్లు ఒలిచినాను. రెండు పెట్టుకుంటి.”

ఆ మాటకు మునిలక్ష్మి లేచి నిలబడింది. నా కాగితాల్లో మాటలు అందుకుంటుందేమోనని భయపడ్డాను. ఆమె వాటి జోలికే పోలేదు.

“నాకు భయం,” అంది. “మొన్నా భయమే, రేపూ భయమే. మీరు నన్ను ముందు పెడితే భయం పోతాదనుకుంటి. పోలేదు. ఇంకా పెరిగింది. అందుకే నా ఒక్కదాని నోటి మీద పెట్టుకోవద్దండి. నేను ఆపితే మీరు ఆపేది గాదు. ఎల్లప్ప ఎవురి మీద సెయ్యి వేసినా మీరే ఆపండి. నేను భయానికి పాట ఎత్తుకుంటాను, నాకు తెలుసు. మీరు అందుకోవద్దండి. అందుకునేవాళ్ళు లేకుంటే ఒంటిగా ఎంతసేపు పాడతాను?”

“అంటే నిన్ను మేం ఒంటిదాన్ని సేయల్లనా మే?” అంది జ్ఞానాంబ.

“ఒంటిగా పాడలేకనే లేసి నిలబడతానక్కా. ఆ తర్వాత మాట్లాడేది నా పని.”

నలభై మందికి ఒక నాయకురాలు కావాలని నేను రాసుకున్నాను. ఆ నాయకురాలిని నలభై మందీ పట్టుకుని నిలబెట్టాలని ఆమె చెప్పింది. నాకు తట్టనిది అదే. ఇంటికి పోయి ఆ రెండు కాగితాలూ చించేశాను.

మూడో రోజు పొద్దునకే నగరి కొండల మీద మబ్బు కమ్మింది. విత్తనాల కోసం రైతుల బళ్ళు గేటు దగ్గర బారులు తీరాయి. బళ్ళ కోసం గేటు తీసే ఉంచారు. కుప్పమ్మ, జ్ఞానాంబ, నేను బయట నిలబడ్డాం. లోపల అంతా కనపడుతోంది.

ఎల్లప్ప మళ్ళీ రాఘవమ్మ దగ్గరే ఆగి ఆమె గడ్డం పట్టుకున్నాడు.

*ఏరు దాటి పోయెనమ్మా ఎద్దులబండీ*

మునిలక్ష్మి గొంతు లేచింది. అన్నట్టుగానే భయానికి ఎత్తుకుంది. ఎవరూ అందుకోలేదు. ఆమె చుట్టూ చూసింది. అందరూ తలలు వంచుకుని ఉన్నారు, ఒక్క పెదవీ కదలలేదు. ఆమె మళ్ళీ అదే చరణం ఎత్తుకుంది. అంత దిక్కులేని పాట నేనెన్నడూ వినలేదు. లోపలికి పరుగెత్తి నేనే అందుకుందామా అనిపించింది. జ్ఞానాంబ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. సగం చరణంలో పాట ఆగిపోయింది.

“పాడండే,” అన్నాడు ఎల్లప్ప. రాఘవమ్మ గడ్డం మీది చెయ్యి తీసేశాడు. “పాడండి.”

మునిలక్ష్మి లేచింది. ఒడిలో కాయలు జలజలా రాలాయి. నడుచుకుంటూ పోయి షావుకారు ముందు నోరు తెరిచి నిలబడింది. తర్వాత ఏదో మాట్లాడింది. ఎంత నెమ్మదిగా మాట్లాడిందంటే నాకేమీ వినపడలేదు. దగ్గర కూర్చున్నవాళ్ళు తర్వాత చెప్పారు.

“సూడు సామీ, ఏం లేదు. కుప్పమ్మవ్వనూ జ్ఞానాంబక్కనూ లోపలికి పిలిపించు. ఇంక మా నోట్లో ఎవురూ ఏలు పెట్టేది లేదు. అంతవరకు పాటా లేదు, పనీ లేదు.”

గోవిందస్వామి మబ్బు వైపు చూశాడు, బళ్ళ వైపు చూశాడు. “సరేలే, వాళ్ళిద్దర్నీ రమ్మను. నువ్వు పోయి పాట ఎత్తుకో. వాన వస్తా ఉండాది.”

ఆమె కదలలేదు. “మరి నోట్లో ఏలు?”

“అది మాన్పిస్తే యాపారం యాడ జరుగుతాది?”

ఆమె వెనక్కి తిరిగి ఆడవాళ్ళ వైపు చూసింది. ఎవరూ ఒక్క కాయ కూడా ముట్టలేదు. “అయితే లేదు సామీ,” అంది.

బళ్ళవాళ్ళు మమ్మల్ని తిట్టారు. మా బావ అందరికంటే ఎక్కువ తిట్టాడు. “వాన కురిస్తే నేలలో ఏం ఏసేది, నీ ఉపన్యాసమా?” అన్నాడు. అతనన్నదీ అబద్ధం కాదు. ఈ కొట్టంలో వేలు ఆడవాళ్ళ నోట్లో ఉంటే, విత్తనం ధర దగ్గర అదే వేలు మీ నోట్లో ఉందని చెప్పాలని చూశాను. వినే ఓపిక ఎవరికీ లేదు.

మధ్యాహ్నానికి పోలీసు జీపు వచ్చింది. మునిలక్ష్మి కొంగులో దోసెడు గింజలు దొరికాయని రాసుకున్నారు. ఆ గింజలను అందరి ముందే ఎల్లప్ప ఆమె కొంగున కట్టాడు. ఆడవాళ్ళందరూ చూశారు, జీపులో వచ్చినవాళ్ళూ చూశారు. ఆడవాళ్ళను రెచ్చగొట్టానని నన్నూ ఎక్కించారు. జీపు ఎక్కేటప్పుడు ఆమె ఒక్కటే మాట చెప్పింది. “పాప బడి నుంచి వస్తాది, సూసుకో అక్కా.” జ్ఞానాంబ తల ఊపింది.

జీపు కదిలింది. వెనక నుంచి ఎల్లప్ప గొంతు వినపడుతూనే ఉంది. పాడండే, పాడండి, పాడితే ఏం పోతాది. ఒక్క గొంతూ పాట అందుకోలేదు.

మునిలక్ష్మి నా ఎదురుగా కూర్చుంది.

“లోపలామె ఊరుకున్నిందా?” అని అడిగాను.

“యాడ ఊరుకుంటాది? తిడతానే ఉండాది. బిడ్డను వీధిలో పారేసినావు, నీ మొగానికి నాయకత్వం ఒకటా అంటా ఉండాది.” కొంగుతో మొహం తుడుచుకుంది. “అననీలే అన్నా. పాట ఎత్తుకునేది దాని అలవాటు. నేను అందుకోను.”

ఊరి చివర రైలు గేటు వేసి ఉంది. జీపు ఆగింది. గేటు పక్కనే ఇంకో షావుకారు కొట్టం. అక్కడా విత్తనాల కాయలే, అక్కడా అదే చట్టం. ముప్పై గొంతులు పాడుతున్నాయి. తలుపు తీసి ఉంది. ముందు వరుసలో కూర్చుని పాట ఎత్తుకుంటున్న ఒకామె, ఎవరో నాకు తెలియదు, తలెత్తి జీపు వైపు చూసింది. లోపల పోలీసుల మధ్య కూర్చున్న మునిలక్ష్మిని గుర్తుపట్టింది; పొద్దున గోవిందస్వామి కొట్టంలో పాట ఆగిన సంగతి అప్పటికే ఊరంతా పాకింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మునిలక్ష్మి చెయ్యి ఎత్తలేదు, సైగ చెయ్యలేదు. గట్టిగా పెదవులు మూసుకుంది, అంతే.

చరణం మధ్యలో ఆ కొట్టం ముందుపాట ఆగింది. వెనక గొంతులు ఒక్కొక్కటిగా ఆగాయి. మేస్త్రి ఎవరో లేచి అరవడం వినపడింది.

రైలు వచ్చి వెళ్ళిపోయింది. గేటు లేచింది. జీపు పట్టాలు దాటేదాకా నేను వెనక్కి తిరిగి వింటూనే ఉన్నాను. ఆ కొట్టంలో పాట మళ్ళీ మొదలు కాలేదు.