అమ్మగారి వైపు, అయ్యగారి వైపు

"చిట్టీ, మీ అన్నయ్య ల్యాప్‌టాప్ టిక్కు టిక్కుమంటోంది. బతుకుతుందంటావా?" అని వదిన ఫోన్ చేసేసరికి చిట్టి ఆస్పత్రిలో ఎక్స్‌రే గది బయట నిలబడి ఉంది. అక్కడ ఎక్స్‌రేలు తీసే ఆమెను అందరూ మేడమ్ అంటారు. ముప్పై దాటినా అన్నయ్య ఇంట్లో మాత్రం ఇంకా చిట్టే.

"ముందు దాన్ని ఆపెయ్యి వదినా. ఇంకేమీ ముట్టుకోకు. ఆదివారం వస్తాను."

"ఆపితే మళ్లీ లేవకపోతే?"

"లేపుదాంలే. ఆపెయ్యి."

ఆ ల్యాప్‌టాప్ అన్నయ్యదని పేరేగానీ దానితో పనంతా వదినది. ఆమె బడిపిల్లలకు స్వెట్టర్లు అల్లేది. ముందుగదిలో కిటికీ పక్కన అల్లిక మిషన్ ఉండేది. ల్యాప్‌టాప్‌లో గళ్లు నింపుకుంటూ డిజైన్ గీసి కేబుల్ తగిలిస్తే, ఏ వరసలో ఏ సూదికి ఏ రంగు అందాలో అదే మిషన్‌కు చెప్పేది. ఆ ప్రోగ్రామ్ తయారుచేసిన వాళ్లు ఎప్పుడో దుకాణం కట్టేశారు. అది పాత విండోస్‌లో తప్ప ఇంకెక్కడా కదలదు. అన్నయ్యకేమో విండోస్ బదులు లినక్స్ కావాలి. లిఫ్టులు బాగుచేసే మెకానిక్ అయినా, ఇంటికి వస్తే కంప్యూటర్ ముందే కూర్చునేవాడు. "ఒక ల్యాప్‌టాప్‌కి ఇద్దరు యజమానులా?" అని వదిన గొడవపడితే, డిస్కును రెండు వాటాలు చేసి ఒకదాంట్లో విండోస్, ఇంకోదాంట్లో లినక్స్ పెట్టాడు. ఆన్ చేయగానే నల్లటి తెర మీద ఎటు వెళ్లాలో అడిగేది. ఆ తెర మీద తెలుగు అక్షరాలు రావు కాబట్టి తెలుగు మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో రాశాడు. మొదటిది "అమ్మగారి వైపు". రెండోది "అయ్యగారి వైపు". కింద, రెండూ లేవకపోతే మెమరీని పరీక్షించడానికి మూడో వరస ఒకటి, దానికీ ఏదో వేళాకోళం పేరు.

చిట్టి అప్పట్లో అన్నయ్య ఇంట్లోనే ఉండి చదువుకునేది. సాయంత్రం అయ్యేసరికి ముగ్గురూ ముందుగదిలోనే. వదిన అల్లేది, చిట్టి గుండీలు కుట్టేది, అన్నయ్య ఏదో ఒకటి విప్పుకుని కూర్చునేవాడు. నేలంతా ఊలు ముక్కలు, స్క్రూలు. అన్నం ముద్దలో కూడా ఊలు పోగు తగిలేది.

అన్నయ్య పోయి మూడేళ్లయింది. ఆ తర్వాత చిట్టి రాకపోకలు తగ్గాయి. గొడవేమీ లేదు. ఆ గదిలో ఇద్దరే కూర్చోవడం ఇద్దరికీ కష్టంగా ఉండేది, అంతే.

టిక్కుమంటున్నది పాత హార్డ్ డిస్కేనని ఊహించి, ఆదివారం పొద్దున్నే దాని బదులు కొత్త ఎస్‌ఎస్‌డీ ఒకటి కొనుక్కుని మరీ వచ్చింది చిట్టి. ల్యాప్‌టాప్‌ను బోర్లా తిప్పి మూత తీసింది. లోపల రంగురంగుల ఊలు నూగు ఉండ కట్టి ఉంది.

"అయ్యో, ఇన్నాళ్లూ దీనికి కూడా స్వెట్టర్ వేశానన్నమాట," అంది వదిన.

చూయింగ్ గమ్ పట్టీలాంటి ఆ కొత్త డిస్కు, పక్కనే ఖాళీగా ఉన్న గాడిలో చక్కగా కూర్చుంది. స్క్రూ కూడా బిగిసింది. ఆన్ చేసి సెటప్ తెరలో చూస్తే మాత్రం దాని జాడ లేదు. తీసి, తుడిచి, మళ్లీ పెట్టింది. అయినా అంతే.

"కూర్చుంది కదే. మరి కనబడదేం?"

"అదే నాకూ అర్థం కావట్లేదు."

ల్యాప్‌టాప్‌ను సంచిలో వేసుకుని ఇద్దరూ వీధి చివర ఉన్న కంప్యూటర్ షాపుకు నడిచారు. షాపు నడిపే ఆవిడ కళ్లజోడు నుదుటి మీదకి నెట్టి, డిస్కును వెలుతురులోకి పట్టుకుని చూసింది.

"ఇది ఎన్‌వీఎంఈ రకం అండీ. మీ ల్యాప్‌టాప్‌లో ఆ గాడికి సాటా రకం ఒక్కటే తెలుసు. రెండూ చూడ్డానికి ఒకేలా ఉంటాయి, గాడిలో కూడా పడతాయి. కానీ ఇది మాట్లాడేది దానికి అర్థం కాదు."

వదిన పకపకా నవ్వింది. "ఓసారి మీ అన్నయ్య అల్లిక మిషన్‌కి సూదులు తెచ్చాడు, గుర్తుందా? గాడిలో భేషుగ్గా దిగాయి. కొక్కెం రవ్వంత తేడా. ఒక్క కుట్టు నిలిస్తే ఒట్టు! 'పట్టాయి కదా' అంటాడు, 'పట్టాయి కదా' అంటాడు. పట్టడం వేరు, పనిచెయ్యడం వేరు మహానుభావా అన్నాను."

"మా అన్నయ్య చెల్లెల్నే కదా," అంది చిట్టి.

ఈసారి ఊహల మీద పోకుండా, షాపావిడ మోడల్ నంబరు చూసి కంపెనీ వాళ్ల కాగితాలు తీసి చదివింది. పాత హార్డ్ డిస్కు ఉన్నచోటే పట్టే పలకలాంటి సాటా ఎస్‌ఎస్‌డీ ఇచ్చింది. పాతదానికంటే పలచన కాబట్టి లోపల కదలకుండా చుట్టూ పెట్టే ప్లాస్టిక్ చట్రం కూడా ఇచ్చింది. మొదటి డిస్కు తన షాపులో కొన్నది కాకపోయినా బదులుగా తీసుకుంది.

ఇంటికి వచ్చి కొత్తదాన్ని బిగిస్తే సెటప్ తెరలో వెంటనే కనబడింది. వదిన చప్పట్లు కొట్టింది. చిట్టి పాత హార్డ్ డిస్కును చిన్న డబ్బాలో పెట్టి, కేబుల్‌తో కలిపి, పెన్‌డ్రైవ్‌లోంచి కాపీ చేసే ప్రోగ్రామ్ నడిపింది. దెబ్బతిన్న డిస్కు నుంచి అది చదవగలిగినంత ముందు చదివి, మొరాయించిన చోట్లకు తర్వాత తిరిగి వస్తుంది. ఇద్దరూ భోంచేశారు. గిన్నెలు కడిగారు. పాత డిస్కు మధ్యమధ్య టిక్కుమన్నప్పుడల్లా వదిన ఉలిక్కిపడేది.

మధ్యాహ్నం దాటేసరికి విండోస్ వాటా దాదాపు మొత్తం వచ్చేసింది. లినక్స్ వాటా దగ్గర అంకె కదలడం మానేసింది. చిట్టి మళ్లీ ప్రయత్నించింది. వెనక వైపు నుంచి చదివించి చూసింది. డిస్కు గరగరమని, ఆ తర్వాత ఆ చప్పుడు కూడా మానేసింది.

"నా డిజైన్లు?" అని అడిగింది వదిన.

"అన్నీ వచ్చాయి."

"ఆయనవి?"

చిట్టి తలెత్తలేదు. "రాలేదు వదినా. ఆ వాటా పోయింది."

వదిన లేచి వంటింట్లోకి వెళ్లింది. కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతున్న చప్పుడు వినబడింది. చిట్టి వెళ్లి పక్కన నిలబడింది.

"ఏముండేవి అందులో?" అంది వదిన, కుళాయి కట్టేస్తూ.

"చదరంగం ఆటలు, లిఫ్టుల బొమ్మలు, పాటలు. ఫొటోలన్నీ నా దగ్గరున్నాయిలే."

"కొత్తలో ఓసారి పొరపాటున అటు నొక్కాను. 'తలుపు కొట్టి రావాలని తెలీదా' అని ఆటపట్టించాడు. నాకు రోషం వచ్చింది. నీ వైపు నాకెందుకు, ఛస్తే రాను అన్నాను. తర్వాత తనే రమ్మని ఎన్నిసార్లు బతిమాలాడో! పోయాక కూడా వెళ్లలేదు చూడు. ఎక్కడికి పోతుందిలే, ఎప్పుడైనా తీరిగ్గా చూడొచ్చు అనుకున్నాను."

చిట్టి ఆమె భుజం మీద చెయ్యి వేసింది. వదిన కొంగుతో ముఖం తుడుచుకుని, "పద, మిగతాది కానియ్. చీకటి పడేలోగా నువ్వు బస్సెక్కాలి," అంది.

ఖాళీ అయిన వాటాలో కొత్త లినక్స్ వెయ్యాలి. పెన్‌డ్రైవ్ మొదలుపెట్టేటప్పుడు కొత్త పద్ధతిలోనా, పాత పద్ధతిలోనా అని తెర అడిగింది. చిట్టి వేలు కొత్తదాని మీదకి వెళ్లబోయి ఆగింది. "రెండూ ఒకే పద్ధతిలో లేవాలే పిచ్చిదానా, లేకపోతే ఒకదానికొకటి కనబడవు" అని అన్నయ్య ఒకప్పుడు తన నెత్తి మీద మొట్టి మరీ చెప్పాడు. పాత విండోస్ పాత పద్ధతిలోనే లేస్తుంది. అదే ఎంచుకుంది. కాసేపటికి అంతా పూర్తయి, నల్లటి తెర మీద రెండు వైపులూ కనబడ్డాయి. పేర్లు మాత్రం కంపెనీ వాళ్లు పెట్టినవే, వెనక వెర్షన్ నంబర్లతో సహా.

"ఇదేంటే, ఆఫీసు బోర్డులా ఉంది. మీ అన్నయ్య రాసినట్టు రాయి."

మొదటి రెండిటికీ పేచీ లేదు. మూడో వరస దగ్గర వచ్చింది తంటా.

"ఇద్దరూ అలిగితే," అంది చిట్టి.

"కాదు. ఇద్దరికీ పడకపోతే."

"అలిగితే అనే ఉండేది వదినా. నాకు బాగా గుర్తు."

"నువ్వు చూసింది ఎన్నిసార్లు? నేను రోజూ చూశాను."

"నువ్వు చదివేదానివా? అది రాగానే ఎంటర్ కొట్టేసేదానివి!"

ఇద్దరి గొంతులూ లేచాయి. ఉన్నట్టుండి ఇద్దరికీ నవ్వొచ్చింది. తేల్చి చెప్పగలిగినవాడు లేడన్న సంగతి కూడా అప్పుడే ఇద్దరికీ తోచినట్టుంది, ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. చివరికి వదిన మాటే నెగ్గింది.

"రెండోదానికి నీ పేరు పెట్టనా? ఇక అదీ నీదే కదా," అని అడిగింది చిట్టి.

"వద్దు. ఆయన వాటాలో అద్దెకుంటాను. ఖాళీ చెయ్యమని అడిగేవాళ్లెవరు?"

ఇంటర్నెట్‌లో ఏది చూడాలన్నా అయ్యగారి వైపు నుంచే చూడమనీ, పాత విండోస్‌కు ఇక రక్షణ లేదు కాబట్టి దాన్ని అల్లికకు తప్ప వాడొద్దనీ చిట్టి చెప్పింది. వదిన బుద్ధిగా తలూపి కేబుల్ అందుకుంది.

పాత డిజైన్ ఒకటి తెరిచి, మిషన్‌కు కలిపి, నీలం, తెలుపు ఊలు ఎక్కించింది వదిన. పిడి అటూ ఇటూ తోస్తుంటే ఝర్రుమని ఒక చప్పుడు, మళ్లీ ఝర్రుమని ఇంకోటి. చిట్టి చెప్పకుండానే వెళ్లి ఊలు ఉండ దగ్గర నిలబడి పోగు చిక్కుపడకుండా వదులుతోంది. అన్నయ్య ఉన్న రోజుల్లో రంగు మారేచోట బస్సు కండక్టర్‌లా "దిగేవాళ్లు దిగాలి, తెల్ల రంగు, తెల్ల రంగు!" అని అరిచేవాడు. తెలుపు వచ్చేచోట వదిన చెయ్యి ఒక్క క్షణం ఆగింది.

"తెల్ల రంగు," అంది చిట్టి మెల్లగా.

"అంత నీరసంగా అంటే ఎవరు దిగుతారే?" అని వదిన పిడి తోసింది.

ఆ తర్వాత చిట్టి ఫోన్‌కు ఫిర్యాదులు మొదలయ్యాయి. అయ్యగారి వైపు అక్షరాలు చిన్నగా ఉన్నాయని ఓ రోజు, ఎక్కడో ఉన్న ఒకావిడ తన మిషన్ లాంటి దానిమీదే అల్లుతూ వీడియో పెట్టిందనీ, చేతి మడత తప్పు తిప్పుతోందనీ, ఆ సంగతి కింద ఎలా రాయాలో చెప్పమనీ ఇంకో రోజు. వీధి చివరి షాపావిడ తన కూతురికి స్వెట్టర్ అడిగిందట. వచ్చే ఆదివారం గుండీలకు మనిషి కావాలట.

చిట్టి వెళ్లింది. గుమ్మంలో అడుగుపెట్టీ పెట్టకముందే వదిన టేపు పట్టుకుని ఎదురొచ్చింది.

"చేతులు చాపు. నీకో స్వెట్టర్ మొదలుపెడదామనుకుంటున్నాను."

"నా కొలతలు నీకు తెలుసుగా?"

"అవి కాలేజీ కొలతలే. ఇటు తిరుగు." వదిన టేపు చుట్టి, చూసి, కళ్లు పెద్దవి చేసింది. "ఎక్స్‌రే గదిలో కూర్చుని ఏం తింటున్నావే తల్లీ?"

చిట్టి నవ్వు ఆపుకుంటూ, చేతులు బార్లా చాపి, కదలకుండా నిలబడింది.