పేలని ట్యూబు

నేను ఒక లారీ ట్యూబును. ఏ ఫ్యాక్టరీలో పుట్టానో గుర్తులేదు. ఊహ తెలిసేసరికి టైరు కడుపులో ఉన్నాను. చుట్టూ చీకటి, రబ్బరు వాసన. లోకమంటే టైరే అనుకున్నాను. మేకు దిగి, పంక్చరువాడు బయటికి లాగిన రోజుగాని వెలుతురనేది ఒకటుందని తెలియలేదు. అందుకే తెలియనివాళ్లను చూసి నేను నవ్వను.

ఒంటినిండా అతుకులు పడ్డాక లారీ ఓనరు నన్ను వద్దన్నాడు. చెరువులో చేపలు పట్టే గంగారాం తెచ్చుకున్నాడు. నా నడుమ బొక్కకు అడ్డంగా పాత వల కట్టి, అందులో కూర్చుని, రెండు చేతులా చెక్కముక్కలతో నీళ్లు నెట్టుకుంటూ పోయేవాడు. పడవ కొనే తాహతు లేదు. నేనే పడవ, నేనే కుర్చీ, నేనే ఆ ఇంటి కూడు.

అతని కూతురు భాగ్య తొమ్మిదో తరగతి. బడిలో సైన్సు ప్రదర్శన పెట్టారు. విశ్వం మహా విస్ఫోటంతో మొదలైందని చదివి, విస్ఫోటమంటే పేలుడే కదా అనుకుంది పిల్ల. నా మీద రంగుల ముగ్గుపిండి కుప్ప పోసి, పేలేదాకా గాలి కొడితే చాలు, చుక్కలన్నీ చెల్లాచెదురు! గంగారాం చేపలమ్మడానికి పోవడం చూసి, నన్ను భుజాన వేసుకుని బడికి నడిచింది. మనుషుల తెలివి చూడండి. లోకం ఎలా పుట్టిందో చూపించడానికి కూడు పెట్టేదాన్ని చంపాలట!

పంపు కొడుతుండగా, నేను ఇంట్లో కనబడకపోయేసరికి గంగారాం రొప్పుకుంటూ వచ్చాడు.

“ఏందే ఇది? ఇది పలిగితే రేపు దేని మీద కూసోవాలె, నీ తల మీదనా?”

“లోకం పుట్టుడు చూపియ్యాలె నాయినా! పేలకుంటే ఎట్ల పుడ్తది?”

“లోకం సంగతేమోగాని మన పొయ్యి ఆరుతది!”

నీరజ టీచరు వచ్చి పంపు మీద చెయ్యేసింది. “పేరు చూసి అందరూ మోసపోయేది ఇక్కడే భాగ్యా. బాంబు పేలాలంటే చుట్టూ ఖాళీ జాగా ఉండాలి, ముక్కలు అందులోకి ఎగరాలి. ఇక్కడ అట్లా కాదు. అసలు జాగానే సాగుతూ వచ్చింది. పేల్చకు, ఉబ్బించు. అతుకుల్ని చూడు.”

భాగ్య చూసింది. పంపు దిగినప్పుడల్లా అతుకులు ఒకదానికొకటి ఎడమవుతున్నాయి. అవి నడవడం లేదు; వాటి మధ్య రబ్బరు సాగుతోంది.

ప్రదర్శన చూడటానికి పట్నం నుంచి ఒక పెద్దసారు వచ్చాడు. గంగారాం నా పక్కనే ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు.

“బాగుందమ్మా. మరి మొదలైంది ఏ చోట? ఈ నడుమ బొక్కలోనా?”

భాగ్య నా చుట్టూ ఒకసారి తిరిగింది.

“అక్కడ రబ్బరే లేదు కద సార్. మనమంతా రబ్బరు మీదనే ఉన్నమనుకోండ్రి. మీరొక అతుకు మీద నిలవడితే మిగిలినయన్నీ మీ నుంచే దూరం పోతున్నట్టు అనిపిస్తది. నేను ఇంకోదాని మీద నిలవడితే నాకూ అట్లనే. రబ్బరు మీద నడుమ అనేది ఏడా లేదు.”

“మరి అంతకు ముందేముంది?”

భాగ్య టీచరు వైపు చూసింది.

“తెల్వదు సార్. ఇంకా ఎవ్వరికీ తెల్వదంట.”

సారు మొహం విప్పారింది. “భేష్! ఏదీ, ఇంకొంచెం గాలి కొట్టు.”

“మీకు దండం పెడ్త సార్,” గంగారాం చేతులు జోడించాడు. “లోకం చాలా పెద్దగైంది. ఇంక చాలు.”

అందరూ నవ్వారు. నేను పేలలేదు.

ఇంటికొచ్చాక చూస్తే ఒక పాత అతుకు అంచు లేచింది. గంగారాం తిట్టలేదు. గరుకు కాగితంతో రుద్ది, కొత్త అతుకు వేసి, బండరాయి పెట్టాడు. “ఇది నీ అతుకు బిడ్డా” అన్నాడు.

తెల్లారి చెరువులో సాటివాళ్లకు గొప్పగా చెప్పాడు: “లోకానికి నడుమ లేదంటరా! ఏడ కూసున్నోనికి ఆడనే నడుమ అనిపిస్తదంట.” చెప్పి, నా నడుమ బొక్కలో మహారాజులా సర్దుకుని కూర్చున్నాడు.

నేను నవ్వలేదు. టైరులో ఉన్నన్నాళ్లూ నేనూ అలాగే కూర్చున్నాను.