గాలి అని అరిచాను

మా దివిసీమలో గాలి అంటే తుపాను. బయటివాళ్ళకు చెబితే నవ్వుతారు, మాకు మాత్రం నవ్వు రాదు. డెబ్బై ఏడు ఉప్పెన చూసిన ఊరు మాది. మా నాన్న అందులోనే పోయాడు.

తొంభై ఎనిమిదిలో నేను ఊరి మంచినీళ్ళ ట్యాంకు దగ్గర ఆపరేటర్ని. నీళ్ళలో కలపడానికి క్లోరిన్ సిలిండరు ఉండేది. ఓ పొద్దున సిలిండరు మారుస్తూ, కొత్త వాషరు వెతకడానికి బద్ధకించి పాతదే బిగించాను. వాల్వు తిప్పగానే బుస్సుమంది. మళ్ళీ కట్టేద్దామంటే కళ్ళు తెరవనివ్వలేదు. పసుపూ పచ్చా కలిసిన పొగ గుమ్మం దాటి, నేల మీద పాక్కుంటూ మా వీధివైపు బయల్దేరింది. ఆ వీధి చివరింట్లో మా అమ్మ ఎలీసబెతు ఒక్కతే ఉంటుంది, అసలే ఉబ్బసం మనిషి.

గాలి ఎటు వీస్తోందో చూసుకుని దానికి అడ్డంగా పరిగెత్తాలని ట్రైనింగులో చెప్పారు. ఆ మాటే అరవబోయాను. దగ్గు తెరపి ఇస్తేగా! నోట్లోంచి వచ్చింది ఒక్కటే.

"గాలి! గాలి!"

తడి తువ్వాలు మూతికి కట్టుకుని, చుట్టు తిరిగి ఇంటికెలా చేరానో ప్రభువుకే ఎరుక. తలుపు బార్లా తెరిచి ఉంది. పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. అమ్మ లేదు. వీధిలో మనిషన్నవాడు లేడు. ఎక్కడ పడిపోయిందోనని చేలగట్లన్నీ వెతుకుతూ ఏడ్చాను. అది క్లోరిన్ మంట అని తర్వాత అందరికీ చెప్పుకున్నాను.

తలెత్తితే ఊరంతా తుపాను షెల్టరు మేడ మీద ఉంది. మబ్బు తునకైనా లేని ఆకాశం కింద చాపలు, చంటిపిల్లలు, ఒక మేక. అందరికంటే ముందు ఎక్కింది మా అమ్మేనట.

అవనిగడ్డ నుంచి నీళ్ళ శాఖ ఇంజనీరు, ఏఈ పూర్ణచంద్రరావు గారు మాస్కుతో వచ్చి వాల్వు కట్టేసి, మేడెక్కి అమ్మ పక్కన కూర్చున్న నా దగ్గరికి వచ్చారు. క్లోరిన్ మామూలు గాలికన్నా బరువనీ, పల్లంలోనే పరుచుకుంటుందనీ, జనాన్ని మేడెక్కించి మంచి పని చేశాననీ భుజం తట్టారు. అమ్మ ఎదురుగా అబద్ధం ఆడలేక వాషరు సంగతీ, దగ్గుతో నోరు పెగలని సంగతీ రెండూ ఒప్పేసుకున్నాను. మొదటిదానికి చీవాట్లు పెట్టారు, రెండోదానికి నవ్వారు. ఆయనతోపాటు ఊరూ నవ్వింది.

అమ్మ నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది.

"ఆ రోజు కూడా ఎవరైనా ఇట్టా అరిచుంటే మీ నాన్న ఉండేవాడురా."

అంతలోనే పొయ్యి మీద అన్నం మాడిపోతోందంటూ లేచింది. పొగ పోయిందని ఏఈ గారు దిగమనేదాకా ఆ చెయ్యి నేను వదల్లేదు.