అత్త ఏమంటోంది

పొద్దున్నే మేడమీది గదిలోంచి పిచ్చుక కూత వినిపించిందంటే, అత్త లేచిందని లెక్క. అమ్మ కింద కాఫీ కలిపేది. నిరుడు వానల్లో ఒకరోజు అత్తకి మాటలు పోయి కూతలొచ్చాయి. పొద్దున పిచ్చుక, ఎండెక్కితే గోరింక, పొద్దుగూకితే చిలక. ఇంట్లోవాళ్లకీ, ఆవిడ దగ్గర బట్టలు కుట్టించుకునేవాళ్లకీ అలవాటైపోయింది.

చిక్కంతా నాన్నతోనే. చెల్లెలు ఏం కూసినా అర్థం తనే చెప్పేవాడు.

"నీ గది పళ్ల డాక్టరుకి అద్దెకిస్తున్నా. కుట్టుమిషను మెట్లకింద కొట్టుగదిలో పెట్టుకో," అన్నాడో మధ్యాహ్నం.

సూదిలో దారం ఎక్కించాలన్నా దీపం కావాలి ఆ కొట్టులో. అత్త మోచేతులు విదిలిస్తూ, ఆపకుండా, బొంగురుగా కర్ర్ కర్ర్మని అరిచింది.

"విన్నారుగా? సరేనంది."

"అది సరేననడమా నాన్నా?" అంది కూతురు. ఇంట్లో అందరూ ఆమెని లాయరమ్మ అని వెక్కిరించేవాళ్లు.

"కాదనడమని నీకెవరు చెప్పారు? పిట్టభాష ఏ కాలేజీలో నేర్పారే?"

లాయరమ్మకి ఒళ్లు మండింది. చెప్పులేసుకుని నేరుగా పుస్తకాల షాపుకి పోయింది.

"పిట్టల్ని గుర్తుపట్టే పుస్తకం కావాలండీ. ఇప్పుడే మొదలుపెడుతున్నా."

షాపాయన దిండంత పుస్తకం తీశాడు. "లోకంలో పిట్టలన్నీ ఉన్నాయి."

"మా వీధివరకు చాలు."

"అయితే ఇది. రంగునిబట్టి వెతుక్కోవచ్చు. కొత్తవాళ్లంతా ఇదే పట్టుకెళ్తారు. మీ పిట్ట ఏ రంగు?"

"చామనచాయ."

"సైజు?"

"నాకంటే కాస్త పొట్టి. కళ్లద్దాలు."

"మనిషని ముందే చెప్పొద్దూ!" రంగుల పుస్తకం పక్కన పడేసి, నిచ్చెనెక్కి, సన్నటి పుస్తకం ఒకటి దుమ్ముదులిపి దించాడు. "కూతల పుస్తకం. ఏ కూత ఎందుకు కూస్తుందో ఉంటుంది. బొమ్మల్లేవని ఎవరూ కొనరు."

లాయరమ్మ కొంది.

మర్నాడు మధ్యాహ్నం డాక్టరు తన కుర్చీ ఎక్కడ పడుతుందో కొలుచుకోడానికి టేపుతో వచ్చాడు. ముందు నాన్న, వెనక ఆయన. గదిలో నాన్న అడుగు పడిందో లేదో, అత్త మిషను ఆపి నిన్నటిలాగే అరిచింది.

"రమ్మంటోంది, రండి డాక్టరుగారూ."

"కాదు." లాయరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడి పుస్తకం తెరిచింది. "గోరింక. బొంగురుగా, ఆపకుండా, రెక్కలు విదిలిస్తూ. గూటి దగ్గరికి పాము వచ్చినప్పటి కూత."

డాక్టరు గతుక్కుమన్నాడు. "పామంటే... నేనా అమ్మా?"

"మీరు నిన్న రాలేదుగా. నిన్నా ఇదే కూసింది."

నాన్న మొహం కందగడ్డయింది. "ఇంటికి పెద్దని నేను!"

"ఇంటికి పెద్దవే నాన్నా. అత్త నోటికి కాదు."

అంతలో మెట్లమీంచి అదే కూత మళ్లీ వినిపించింది. అందరూ తిరిగి చూశారు. కాఫీ గ్లాసులతో అమ్మ. పెళ్లయిననాటినుంచి 'మీ ఇష్టం' తప్ప మరో మాటెరగని అమ్మ, నాన్న కళ్లలోకి చూస్తూ, గోరింకలా కర్ర్ కర్ర్మంటోంది.

డాక్టరు టేపు చుట్టి జేబులో వేసుకున్నాడు. "ఇక్కడ నా కుర్చీ పట్టదు లెండి," అని ఒక గ్లాసందుకుని, తాగుతూనే దిగిపోయాడు.

నాన్న ఆ ఇంట్లో మొదటిసారి, ఒక అర్థం తను చెప్పకుండా అడిగాడు.

"మీ అమ్మ ఏమంటోందే?"

లాయరమ్మ పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టింది.

"చదువుకో నాన్నా. కొత్తవాళ్లకి ఇదే మంచిది."

వెనకాల అత్త మిషను మళ్లీ టకటకా మొదలైంది.