టేపు అవతలి కొస

పార్కులో తొమ్మిది బుట్టల డిస్క్ గోల్ఫ్ ఆడటానికి దర్జీకి, అతని బావకి ఒక పద్ధతి ఉండేది. స్తంభానికి బిగించిన గొలుసుల బుట్టవైపు ఇద్దరూ చెరొక ప్లాస్టిక్ డిస్కు విసిరేవారు. ఎవరిది బుట్టకి దగ్గరగా పడితే, అక్కడినుంచే ఇద్దరూ మళ్ళీ విసిరేవారు. ఏది దగ్గరో తేలేదాకా మాత్రం ప్రతి ఆదివారం కీచులాటే.

"నాదే దగ్గర! కళ్ళు కనపడట్లేదా?" అని బావ గుడ్లురిమేవాడు. ఆయన బస్సు డ్రైవరు.

"ఆ చూపుతో బస్సెలా నడుపుతున్నావు బావా!" అంటూ దర్జీ మెడలోంచి టేపు తీసేవాడు. బావ ఒక కొసని బుట్ట స్తంభానికి అదిమి పట్టుకునేవాడు. దర్జీ రెండో కొసని డిస్కు దాకా లాగేవాడు. ఓడిపోతే బావ, "నీ టేపు సాగిపోయిందిరా" అని కొట్టిపారేసేవాడు.

బావ పోయిన రెండు నెలలకి దర్జీ ఒక్కడే పార్కుకి వచ్చాడు. "ఇంట్లో దీన్ని చూడలేకపోతున్నాన్రా, పట్టుకుపో" అంటూ అక్క ఇచ్చేసిన బావ డిస్కు కూడా చేతిలో ఉంది. ప్రతి బుట్టకీ ముందు తనది, తర్వాత బావది విసురుతూ వెళ్ళాడు. తొమ్మిదో బుట్ట దగ్గర రెండు డిస్కులూ దాదాపు పక్కపక్కనే పడ్డాయి.

అలవాటు కొద్దీ టేపు తీసి, గొంతుక్కూర్చుని, "పట్టుకో బావా" అని అవతలి కొస చాచాడు.

చాచిన చెయ్యి చాలాసేపు అలాగే ఉండిపోయింది.

"సర్లే, నీదే దగ్గర" అన్నాడు చివరికి. కొలవకుండా ఒప్పుకోవడం అదే మొదటిసారి.