బ్రేకు గొట్టంలో మాట

ఆదివారం పొద్దున్నే టీ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, గడియారాలు బాగుచేసే ఆయన కారెక్కి బ్రేకు మీద కాలు వేశాడు. కాలు దిగింది. ఇంకా దిగింది. దిండు మీద కాలేసినట్టు మెత్తగా నేల దాకా వెళ్ళిపోయింది.

మొన్నటి దాకా ఆ పెడల్ బాగానే ఉంది. శనివారం రోజంతా కూర్చుని ముందు చక్రాల క్యాలిపర్లు రెండూ ఈయనే మార్చాడు. క్యాలిపర్ అంటే, బ్రేకు తొక్కగానే చక్రంతో తిరిగే పళ్ళేన్ని రెండు పక్కలా నొక్కి పట్టే ఇనప దవడ. పాతవి తుప్పు పట్టాయి. మెకానిక్‌కి ఇవ్వమని భార్య చెప్పింది, తల్లి చెప్పింది. "ఇరవై ఏళ్ళుగా చీమ తలకాయంత మరలు బిగిస్తున్నాను, ఇంత లావు నట్టు బిగించలేనా?" అన్నాడు. ఆ ఒక్క మాటా అనకుండా ఉండాల్సింది.

సోమవారం ఏడింటికి ఆ కారులో భార్య కొండ దాటి వెళ్ళాలి. ఆవిడ నర్సు. అవతలి ఊరి ఆసుపత్రిలో నర్సులందరికీ పెద్దగా ఆవిణ్ణి వేశారు. ఉండటానికి క్వార్టర్సు ఇస్తారు, దానికొక కాగితం. అందులో రెండు గళ్ళు, ‘ఒంటరిగా’ అని ఒకటి, ‘కుటుంబంతో’ అని ఒకటి. ఏదో ఒకదాంట్లో టిక్కు పెట్టి, చేరిన రోజే ఇచ్చెయ్యాలి. వారం నుంచీ ఆ కాగితం భోజనాల బల్ల మీదే ఉంది, ఎగిరిపోకుండా పైన పెన్ను.

"ఏం పెట్టమంటారు?" అని ఆవిడ అడిగింది.

"నీ ఇష్టం" అన్నాడాయన.

అక్కడితో అయిపోయింది. ఇన్నాళ్ళకి పెద్ద ఉద్యోగం వచ్చింది, హాయిగా తన పని చూసుకోనీ, నేనెందుకు వెంటపడటం అని ఆయన. ఇరవై ఏళ్ళ దుకాణం వదిలేసి రమ్మని ఏ మొహం పెట్టుకుని అడగను, రావాలనుంటే తనే అనడా అని ఆవిడ. మొగుడూ పెళ్ళాల మధ్య మర్యాద ఎక్కువైతే వచ్చే తంటా ఇదే. ఇద్దరూ మంచివాళ్ళు, ఇద్దరికీ లోపల దిగులు, ఇద్దరూ ఆ పెన్నును సర్దిపెట్టి వెళ్ళిపోయేవారు.

ఇక ఆ ఇంటి సంగతి ఒకటి చెప్పాలి. అక్కడ మూసిపెట్టిన గాలి మాట్లాడుతుంది. గాలిని మూసేటప్పుడు మనిషి మనసులో ఏముంటే, బయటికొచ్చినప్పుడు అదే, ఆ మనిషి గొంతుతోనే వినిపిస్తుంది. ఈయన మొదటి పుట్టినరోజున ఒక బెలూన్ పగిలి, "పిల్లాడికి తాత ముక్కే వచ్చింది, పాపం" అని మేనత్త గొంతుతో అంది. తాత పక్కనే కూర్చుని కేకు తింటున్నాడు. అప్పటినుంచీ ఇంటిల్లిపాదీ ఏదైనా ఊదాలన్నా, గాలి కొట్టాలన్నా మనసులో అంకెలు లెక్కపెట్టుకుంటారు. వాళ్ళ సైకిలు పంక్చరైతే "ఇరవై మూడు, ఇరవై నాలుగు" అని వినిపిస్తుంది, అంతే. వీధిలో ఎవరూ తల తిప్పి కూడా చూడరు.

బ్రేకులో ఉండేది ఆయిలు కదా, గాలెక్కడిది అనుకుని, శనివారం గొట్టాలు విప్పి బిగించేటప్పుడు ఈయన లెక్కపెట్టుకోలేదు.

ఆదివారం చక్రాల కింద అట్టముక్కలు పరిచాడు. ఆయిలు చుక్క కూడా పడలేదు. డబ్బాలో ఆయిలు గీత దాకా ఉంది. పెడల్ గబగబా నాలుగుసార్లు తొక్కితే గట్టిపడుతోంది, కాసేపాగితే మళ్ళీ మెత్తబడుతోంది. లోపల గాలి చిక్కుకుందని అర్థమైంది. శనివారం తను ఏమేం ఆలోచించాడో కూడా గుర్తొచ్చి, ఆయన చెవులు వేడెక్కాయి.

గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. ఒకరు పెడల్ తొక్కి పట్టుకోవాలి, ఒకరు చక్రం దగ్గర కూర్చుని క్యాలిపర్‌కి ఉన్న చిన్న మర వదులు చెయ్యాలి.

"అమ్మా, నువ్వొచ్చి తొక్కుతావా?" అన్నాడు.

గుమ్మంలో బఠాణీలు ఒలుస్తున్న తల్లి తలెత్తింది. "ఇవి తొక్కే మోకాళ్ళేనట్రా? నీ పెళ్ళాన్ని పిలు."

నర్సమ్మ వచ్చి స్టీరింగ్ ముందు కూర్చుంది.

"అద్దం ఎత్తుకో, ఎండ" అన్నాడు.

"ఎత్తితే మీ మాట వినపడొద్దూ?"

"సరే, తొక్కు. పట్టుకో."

మర వదులు చేశాడు. మరకి తగిలించిన సన్నగొట్టంలోంచి కింద పెట్టిన సీసాలోకి ఆయిలు కారింది. బుడగ లేదు. మర బిగించి "వదులు" అన్నాడు. ఎడమ పక్క పదిసార్లు, కుడి పక్క పదిసార్లు, ఆయిలు తగ్గినప్పుడల్లా పోస్తూ. ఒక్క బుడగ వస్తే ఒట్టు. పెడల్ అలాగే జావలా ఉంది. ఆయన పానా కింద పెట్టాడు. ఈ బండిలో మనిషిని కొండ దింపడం ఎలాగ?

"రేపటికి బస్సులో పోతాలెండి" అంది ఆవిడ మెల్లగా.

తల్లి బఠాణీల గిన్నె పక్కన పెట్టి, గోడ పట్టుకుని వచ్చి, చక్రం వైపు వంగి చూసింది. ఆవిడకి కార్ల గురించి ఏమీ తెలీదు. గాలి గురించి తెలుసు.

"ఒరేయ్, నువ్వు తిప్పే మర ఎక్కడుంది?"

"కింద."

"గాలి ఎటు పోతుంది?"

"పైకి."

"మరి తలుపు అడుగున పెట్టి, అటక మీద కూర్చున్నదాన్ని బయటికి రమ్మంటే ఎలా వస్తుందిరా?"

ఆయన ఎడమ చక్రం చూశాడు, కుడి చక్రం చూశాడు. శనివారం ఎడమది కుడికీ, కుడిది ఎడమకీ బిగించేశాడు. పైన ఉండాల్సిన మరలు రెండూ కిందికి తిరిగి ఉన్నాయి.

"చీమ తలకాయంత మరలు" అంటూ తల్లి మళ్ళీ బఠాణీల దగ్గరికి వెళ్ళింది. నర్సమ్మ స్టీరింగ్ మీద తల పెట్టుకుని నవ్వింది.

మధ్యాహ్నానికి క్యాలిపర్లు అటూ ఇటూ మార్చాడు, ఈసారి బయటికే అంకెలు లెక్కపెడుతూ. మళ్ళీ ఆవిడ తొక్కింది. మర వదులు చెయ్యగానే సీసాలో బుడగలు లేచాయి. "ఏడు, ఎనిమిది" అంది మొదటిది. "పది నంబరు పానా ఎక్కడ పెట్టి చచ్చాను" అంది రెండోది. ఆ తర్వాత గొట్టంలో బొటనవేలంత పొడుగు బుడగ ఒకటి నెమ్మదిగా కదిలింది. ఆయన దాన్ని చూశాడు. ఆపడానికేం లేదు, అది ఆగితే బ్రేకు లేదు.

అది సీసాలో పగిలి, ఆయన గొంతుతోనే అంది. "ఒక్కసారి మీరూ రండి అంటే చాలు. దుకాణానిదేముంది, నా బల్ల ఎక్కడ వేస్తే అదే దుకాణం. అడగదేం?"

ఆయన మర బిగించాడు. వదలమని చెప్పడం మర్చిపోయాడు. ఆవిడ కాలు పెడల్ మీదే ఉండిపోయింది. బఠాణీలు గిన్నెలో పడే చప్పుడు కూడా ఆగింది.

"వదలనా?" అంది చివరికి.

"ఊఁ, వదులు."

వదిలి, మళ్ళీ తొక్కింది. పెడల్ పైనే నిలబడిపోయింది, రాయిలా. ఆవిడ దాన్ని మరోసారి తొక్కి చూసుకుని కిటికీలోంచి తల బయట పెట్టింది.

"మీ బల్ల పొడవెంత?"

"నాలుగడుగుల రెండంగుళాలు."

"అక్కడ గది కిటికీ కింద ఐదడుగులుంది. పోయిన నెల చూడ్డానికి వెళ్ళినప్పుడే కొలిచాను."

ఆయన సీసా కింద పెట్టాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకుందామంటే చేతులనిండా ఆయిలు.

"అమ్మాయ్, నా మంచం కొలిచావా?" అంది గుమ్మంలోంచి అత్తగారు.

"తలుపు పక్కన పడుతుంది అత్తయ్యా."

నర్సమ్మ లోపలికెళ్ళి కాగితమూ పెన్నూ తెచ్చింది. బానెట్ మీద పెట్టి, రెండో గడిలో టిక్కు పెట్టింది. ఆ పక్కనే గడియారాలాయన ఆయిలు డబ్బా మూత బిగించాడు. ఈసారి అంకెలు లెక్కపెట్టలేదు.